‘చెప్పబడుతోంది’ – చెప్పినదెవరు? స్థానిక చరిత్ర రచనలో కర్మణి వాక్యం: ఒక పరిశీలన

“ఫలానా కవి ఈ గ్రామంలో జన్మించినట్లు చెప్పబడుతోంది.” “ఈ ఆలయం కాకతీయుల కాలంలో నిర్మించబడినట్లు భావించబడుతున్నది.” “ఇక్కడి ప్రజలు వెట్టిచాకిరి చేయుటకు బలవంతం చేయబడ్డారు.” ఈ మూడు వాక్యాలూ నేను కూర్చినవి, ఏ ఒక్క రచయితనూ ఉద్దేశించినవి కావు. అయినా గ్రామ చరిత్రలు, ఆలయ పరిచయ పుస్తకాలు, సిద్ధాంత వ్యాసాల తొలి అధ్యాయాలు చదివే వారికి ఇవి ఎక్కడో చూసిన వాక్యాల్లాగే ఉంటాయి. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. అంతవరకు ఎక్కువగా వరంగల్లు చరిత్రలో ఒక పేరాగానో, అధోజ్ఞాపికగానో ఉన్న ఊళ్లకు తమదైన చరిత్ర కావలసి వచ్చింది. ఆ రాతలో పై తరహా వాక్యం అచ్చుగా స్థిరపడింది.

ఈ అచ్చు ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఆ భాష రాతలో కర్మణి క్రియ తరువాత తుమున్నర్థక రూపం నిలిచే వాక్యం ఒకటి ఉంది. ‘ఈజ్ సెడ్ టు హావ్ లివ్డ్’, ‘ఈజ్ బిలీవ్డ్ టు బి’, ‘వర్ ఫోర్స్‌డ్ టు వర్క్’ వంటివి దాని రూపాలు. చెప్పిన మాటను నివేదించడానికీ, ఒకరు మరొకరిచేత పని చేయించడాన్ని తెలపడానికీ ఇంగ్లీషు ఈ ఒక్క నిర్మాణాన్నే వాడుకుంటుంది. తెలుగు ఆ రెండింటినీ వేరుచేస్తుంది. నివేదనకు ‘అను’ ధాతువు కుటుంబం (అని, అట, అంటారు) ఉంది. చేయించడానికి ‘ఇంచు’క్ ప్రేరణార్థకం ఉంది. రెండింటిలోనూ కర్తకు చోటుంది. ఇంగ్లీషు అచ్చును ‘బడు’తో నింపినప్పుడు ఆ రెండు చోట్లూ ఖాళీ అవుతాయి. పై మూడు జిల్లాల విషయంలో దీనిని శైలీదోషమని చెప్పి ఊరుకోలేం. ఎవరు చెప్పారు, ఎవరు చేయించారు అన్నవే ఇక్కడి చరిత్రలో ప్రధాన ప్రశ్నలు కాబట్టి. ఈ వ్యాసంలో నా వాదం ఇదే.

రెండు భాషల నిర్మాణం

‘బడు’ తెలుగుకు పరాయిది కాదన్న సంగతి ముందుగా చెప్పుకోవాలి. ‘చెప్పన్’ అనే తుమున్నర్థకంపై ‘పడు’ ధాతువు చేరితే, ద్రుతం మీద పరుషం సరళమై ‘చెప్పఁబడు’ అవుతుంది. మనం ఇవాళ రాయని ఆ అరసున్న అక్కడ ఒకనాడు తుమున్నర్థకం ఉందనడానికి గుర్తు. ఇందులో ఒక చిత్రమైన తారుమారు ఉంది. ఇంగ్లీషులో కర్మణి క్రియ ముందు వచ్చి తుమున్నర్థకం తరువాత వస్తుంది. తెలుగులో తుమున్నర్థకం ముందుండి, దానిపై ‘పడు’ చేరడం వల్లనే కర్మణి ఏర్పడుతుంది. కవిత్రయం నాటినుంచి కావ్యభాషలో ఈ రూపం ఉంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి దీనికి సూత్రం చేశాడు. అంతకు రెండేళ్ల ముందు, 1856లో, కాల్డ్వెల్ తన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణంలో ద్రావిడ క్రియకు అసలైన కర్మణి రూపమే లేదన్నాడు. ఒకరు వ్యాకరణంలో చోటిచ్చిన రూపాన్ని మరొకరు లేదనడం పైకి వైరుధ్యంగా తోస్తుంది. చిన్నయసూరి ముందున్నది కావ్యభాష, కాల్డ్వెల్ వెతికింది భాషాకుటుంబ స్వభావం అని గ్రహిస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది. వ్యవహారంలో కర్మణి వాక్యం అరుదన్న విషయంలో ఆధునిక భాషావేత్తలకు పెద్దగా భేదాభిప్రాయం లేదు.

ప్రాచీన ప్రయోగానికీ నేటి ప్రయోగానికీ తేడా ఎక్కడుంది? పురాణ వచనంలో ‘చేత’ అనే విభక్తి తరచు కర్తను వెంట తెస్తుంది. ఫలానా మునిచేత చెప్పబడిన కథ అన్నప్పుడు ముని ఎక్కడికీ పోలేదు, పదక్రమం మారిందంతే. నేటి వాక్యం ‘బడు’ను ఉంచుకొని ‘చేత’ను వదిలేసింది. ఇంగ్లీషు కర్మణి వాక్యంలో ‘బై’తో వచ్చే భాగం ఐచ్ఛికమైనట్లే మన ‘చేత’ కూడా ఐచ్ఛికమైంది. ఐచ్ఛికమైనది క్రమంగా అనవసరమైంది.

అనుకరణ పూర్తిగా సాగలేదన్నది కూడా గమనించదగినది. ఇంగ్లీషు రెండు విధాలుగా చెప్పగలదు. ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ అని మొదలుపెట్టి విషయమంతటినీ వెనుక చేర్చడం ఒక విధం. విషయంలోని వ్యక్తిని పైకి లాగి ‘హీ ఈజ్ సెడ్ టు’ అని అతణ్నే కర్తృస్థానంలో కూర్చోబెట్టడం రెండవ విధం. తెలుగు రెండవదానికి లొంగదు. ‘పోతన బమ్మెరలో నివసించినట్లు చెప్పబడ్డాడు’ అని ఎంత అనువాదవ్యసనం ఉన్నవారూ రాయరు. ‘చెప్పబడుతోంది’ అనే రాస్తారు. అంటే క్రియ అమహదేకవచనంలో ఉండి, ఏ మనిషితోనూ అన్వయించక, చెప్పిన విషయంతో అన్వయిస్తుంది. ఈ ‘ది’ ప్రత్యయం సంగతి తరువాత మళ్లీ వస్తుంది.

పోతన గురించి ‘అంటారు’

ఈ అచ్చు వల్ల జరిగే నష్టం పోతన విషయంలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. ఆయనది నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర అని ఒక పక్షం, కడప సీమలోని ఒంటిమిట్ట అని మరొక పక్షం చాలాకాలం వాదించుకున్నాయి. భాగవతావతారికలోని ‘ఏకశిలానగరం’ ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్నది వాదానికి మూలం. ఇంటిపేరు, పీఠికలోని మాట, స్థలనామం అర్థం, స్థానిక ఐతిహ్యం – ఇలా రెండు పక్షాలూ ఆధారాలను వరుసలో పెట్టి, పేరు పెట్టుకొని పోట్లాడాయి. ఆ పోట్లాట సాహిత్య చరిత్రకు మేలు చేసిందనే నా అభిప్రాయం. దానిని తలచుకొని ‘పోతన బమ్మెరలో జన్మించినట్లు భావించబడుతున్నది’ అని ఇవాళ ఒకరు రాస్తే, బమ్మెర పక్షానికీ న్యాయం జరగదు, ఒంటిమిట్ట పక్షానికీ జరగదు. వాదం లేదు, వాదులు లేరు. భావన మాత్రం ఎవరిదో తెలియకుండా గాలిలో మిగిలింది. పాల్కురికి సోమనాథుని స్వస్థలం విషయంలో పాలకుర్తికీ కన్నడ దేశానికీ మధ్య నడిచిన చర్చకూ ఇదే గతి పట్టింది.

ఇంతకంటె సూక్ష్మమైన నష్టం మరొకటుంది. సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమిమ్మని అడిగాడనీ, పోతన ఒప్పుకోనందుకు గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ, చెదలు తిన్న భాగాలను తరువాతివారు పూరించారనీ ఒక కథ ఉంది. ఇందులో రెండు రకాల జ్ఞానం కలగలిసి ఉంది. పంచమ స్కంధం గంగనది, షష్ఠ స్కంధం ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి అన్నది ఆయా స్కంధాల గద్యలు తామే చెప్పే విషయం. రాజు అడగడం, పాతిపెట్టించడం, చెదలు తినడం అన్నవి జనం చెప్పుకునే విషయం. మొదటిదానికి గ్రంథమే సాక్ష్యం. రెండవదానికి జనశ్రుతి సాక్ష్యం. ‘భాగవతం పాతిపెట్టబడినట్లు, అనంతరం కొన్ని స్కంధాలు ఇతరులచే పూరించబడినట్లు చెప్పబడుతోంది’ అన్న వాక్యం ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసింది. గద్యలో కంటికి కనబడే నారయ పేరు కూడా వదంతి స్థాయికి దిగింది. అదే సమయంలో, పాతిపెట్టించినవాడుగా కథ వేలెత్తి చూపే రాజు వాక్యంలోంచి తప్పుకున్నాడు. చెప్పినవారూ పోయారు, చేసినవారూ పోయారు.

జనశ్రుతిని తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. జనశ్రుతిని జనశ్రుతిగా చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని పరికరాలు ఇంగ్లీషులో లేవన్నదే నా మాట. ‘అంటారు’ అన్నప్పుడు నలుగురి నోట ఉన్నదని తెలుస్తుంది. ‘చెప్పుకుంటారు’ అన్నప్పుడు ‘కొను’ చేరి, ఊరు తనలో తాను పంచుకునే మాట అవుతుంది. ‘అట’ అన్నప్పుడు వక్త ఆ మాటకు పూచీపడకుండా, విన్నానని మాత్రం ఒప్పుకుంటాడు. ‘జన్మించినట్లు’ అనే రూపంలోని ‘అట్లు’ పోలికను సూచిస్తుంది. నిశ్చయాన్ని ఒక మెట్టు దించుతుంది. ప్రతీతి, వినికిడి, ఐతిహ్యం అన్నవీ ఒకదానికొకటి పర్యాయాలు కావు. వీటన్నిటి స్థానంలో ‘చెప్పబడుతోంది’ అనే ఒకే నాణెం చలామణి అయితే భాష పేదదవుతుంది. దానికంటె ముఖ్యం, ప్రమాణ విచారం మొద్దుబారుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. ‘అంటారు’లోనూ కర్త పేరు లేదు గదా, ‘చెప్పబడుతోంది’కంటె అది ఏ విధంగా మేలు అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. సమాధానం క్రియాంతంలో ఉంది. ‘అంటారు’లోని ‘రు’ మనుషులను సూచించే బహువచన ప్రత్యయం. కర్త పేరు లేకున్నా, కర్త మనుషులేనన్న గుర్తు క్రియకు అంటుకొని ఉంటుంది. వినేవాడు వెంటనే ‘ఎవరంటారు?’ అనగలడు. ‘చెప్పబడుతోంది’లోని ‘ది’ ప్రత్యయం మాత్రం చెప్పిన విషయంతో అన్వయిస్తుంది. దానిని ‘ఏది?’ అని అడగవచ్చు. ‘ఎవరు?’ అని అడగడానికి వ్యాకరణం దారి ఇవ్వదు. ఒక అక్షరం తేడాలో ప్రశ్నించే అవకాశమే మారిపోతున్నది.

‘చెప్పంగ విన్న’

జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో వృద్ధులతో కూర్చొని మాట్లాడిన పరిశోధకులందరికీ పరిచితమైన పలుకుబడి ఒకటుంది. ‘మా తాత చెప్పంగ విన్న’, ‘పోలీసోళ్లు పోంగ చూసిన’, ‘మా అవ్వ ఏడ్వంగ ఎరుక’. ఇంగ్లీషులో ‘వజ్ సీన్ టు లీవ్’, ‘వజ్ హర్డ్ టు సే’ అన్న వాక్యాలు చేసే పనిని ఇవి చేస్తున్నాయి. ఒకరి చర్యకు మరొకరు ఇంద్రియసాక్షి కావడం రెండింటిలోనూ ఉన్నదే. తేడా ఏమంటే, ‘పోంగ చూసిన’లో పోయినవాడూ ఉన్నాడు, చూసినవాడూ ఉన్నాడు. ‘వజ్ సీన్ టు లీవ్’లో పోయినవాడు మాత్రమే ఉన్నాడు, చూసిన కన్ను లేదు.

మన సహజమైన ‘కనబడు, వినబడు’లు కూడా ఇదే నీతిని పాటిస్తాయి. ఇవీ ‘పడు’తో ఏర్పడినవే. కాని ‘నాకు కనబడింది’, ‘ఆమెకు వినబడింది’ అని చతుర్థితో అనుభవించినవారిని చెప్పుకోవడానికి వీలిస్తాయి. ‘కనవడ్తలేదు’ అని ఓరుగల్లు ప్రాంతంలో ఒకరంటే ఎవరికి కనబడటం లేదో అడగనక్కరలేదు. పుస్తకాల్లోని ‘చూడబడింది’, ‘గమనించబడింది’లకు ఈ చతుర్థి అంటదు. ‘నాకు గమనించబడింది’ అనలేం. కాబట్టి ‘పడు’ ధాతువును నిందించి లాభం లేదు. పాత ‘పడు’ సాక్షిని నిలుపుతుంది. కొత్త ‘బడు’ సాక్షిని తొలగిస్తుంది.

క్షేత్రపర్యటనలో సేకరించిన ‘మా తాత చెప్పంగ విన్న’ అన్న మాట సిద్ధాంత వ్యాసంలోకి వచ్చేసరికి ‘అని చెప్పబడుతోంది’ అవుతుంది. మాండలికాన్ని శిష్టభాషలోకి మార్చామని మనం అనుకుంటాం. నిజానికి మారింది ప్రమాణం. తాత, మనుమడు, వారి మధ్య రెండు తరాల దూరం – సాక్ష్యం విలువను తేల్చడానికి కావలసినవన్నీ ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి. శిష్టీకరణలో అవి జారిపోయాయి. మౌఖిక చరిత్రను మాట్లాడినవారి గొంతుతోనే అచ్చువేయవచ్చని 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చూపింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథనం అందులో ఉంది. ఆ పుస్తకాన్ని ఉపయుక్త గ్రంథాల పట్టికలో చేర్చుకున్నంత సులభంగా దాని వాక్యనీతిని మనం స్వీకరించలేదు.

‘చేయించుకొను’

ఇప్పుడు రెండవ శాఖకు, నిర్బంధార్థానికి వద్దాం. ‘దే వర్ మేడ్ టు వర్క్’ అన్న ఇంగ్లీషు వాక్యంలో ఒక విశేషముంది. కర్తరిలో ‘దే మేడ్ దెమ్ వర్క్’ అంటారు, ‘టు’ రాదు. కర్మణిలోకి మారగానే ‘టు’ వస్తుంది. చేయించినవాడు వాక్యంలోంచి వెళ్లిపోతూ తన స్థానంలో ఒక చిన్న అవ్యయాన్ని పెట్టి పోయినట్లుంటుంది. ఈ వాక్యాన్ని తెలుగు చేసి ‘ప్రజలు పనిచేయుటకు నిర్బంధింపబడిరి’ అంటే, నిర్బంధం మిగిలింది, నిర్బంధించినవాడు లేడు.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పేరు చెప్పకుండా జనగామ తాలూకా చరిత్ర రాయడం కుదరదు. ఆ కాలపు వెట్టి గురించి ఆ ప్రాంతం వాడుకున్న క్రియ ‘చేయించుకొను’; పలుకుబడిలో ‘చేపిచ్చుకున్నడు’. దీని కూర్పును విడదీసి చూడాలి. ‘చేయు’ – పని. ‘ఇంచు’ – ఆ పని మరొకరిచేత చేయించడం. ‘కొను’ – ఆ పని ఫలం చేయించినవాడికే దక్కడం. చెమట ఒకరిది, ఆజ్ఞ ఒకరిది, లాభం ఆ ఆజ్ఞ ఇచ్చినవాడిదే – ఈ మూడింటినీ తెలుగు ఒక్క క్రియలో ఇమిడ్చింది. వెట్టికి ఇంతకంటె క్లుప్తమైన నిర్వచనం ఉందనుకోను. ఇటువంటి క్రియ చేతిలో ఉండగా ‘బలవంతం చేయబడ్డారు’ అని రాయడం వాక్యరచనకు సంబంధించిన అలసత్వంగా మాత్రమే చూడలేకపోతున్నాను. మహబూబాబాద్ ప్రాంతంలోని చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో దొరల గడీ జీవితాన్ని, వెట్టిని చిత్రించినప్పుడు పాత్రల చేత తమ పలుకుబడిలోనే మాట్లాడించాడు. చరిత్ర రచనకంటె నవల ఈ విషయంలో ముందుంది.

ఐలమ్మ ఉదంతంలోనూ వాక్యం ఎంపిక అర్థాన్ని మారుస్తుంది. ఆమె కౌలుకు తీసుకున్న భూమిలోని పంటను దేశ్‌ముఖ్ దక్కించుకోజూశాడు. సంఘం కార్యకర్తలు పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఇందులో ముగ్గురు కర్తలున్నారు. ‘పంట కాపాడబడింది’ అంటే ముగ్గురూ పోయి పంట ఒక్కటే మిగులుతుంది.

దొడ్డి కొమరయ్య మరణం మరింత తీవ్రమైన సందర్భం. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు, కొమరయ్య మరణించాడు. దీనిని రాయడానికి ప్రస్తుతం మూడు తీర్లున్నాయి. ‘కాల్చి చంపబడ్డాడు’ అన్నదానిలో చంపినవాడు లేడు. ‘కాల్పులు జరిగాయి’ అన్నదానిలో చంపినవాడే కాదు, చనిపోయినవాడు కూడా లేడు. వాన కురిసినట్లు కాల్పులు వాటంతట అవే జరిగాయి. ‘అమరుడయ్యాడు’ అన్నది ఉద్యమ భాష. అక్కడ చనిపోయినవాడే కర్త. మరణాన్ని అతడు సాధించిన స్థితిగా చెబుతుంది. గౌరవం దృష్ట్యా మూడవది గొప్పది. కాని నేరం అన్న ప్రశ్న వేసేవారికి అది కూడా జవాబివ్వదు. చరిత్రకారునికి కావలసినది నాలుగవ వాక్యం: ఎవరి మనుషులు, ఎక్కడినుంచి, ఎవరిపై కాల్చారు. వ్యాకరణపరంగా అది అన్నిటికంటె సరళమైన కర్తరి వాక్యం.

ప్రేరణార్థకం మీద ఒక అనుమానం

ఇంతవరకు ‘ఇంచు’ను పొగిడాను గనుక దాని మరో ముఖం కూడా చూపాలి. నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించింది. చెరువు గట్టున లభించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారమని చరిత్రకారులందరికీ తెలుసు. ‘మైలాంబ కట్టించింది’ అన్న వాక్యంలో ప్రేరణార్థకం దాతకు కీర్తినిచ్చింది. మట్టి తవ్వి, మోసి, కట్ట పోసినవారు ఆ ‘ఇంచు’ వెనుకే ఉండిపోయారు. వెట్టి వాక్యంలో దొరను బయటికి లాగిన ప్రత్యయమే శాసన వాక్యంలో కూలీని లోపలికి నెట్టింది. ప్రేరణార్థకంలో చేయించినవారికి కర్తృస్థానం తప్పనిసరి. చేసినవారికి ‘చేత’ ఐచ్ఛికం. చెప్పేది వేధింపు అయితే ఈ అమరిక సత్యానికి తోడ్పడుతుంది. చెప్పేది ఘనత అయితే అదే అమరిక సత్యంలో సగాన్ని కప్పుతుంది.

జనం ఈ సగాన్ని తమ మార్గంలో పూరించుకున్న సందర్భం ఒకటుంది. పాలంపేట ఆలయం 2016 నుంచి 2019లో ములుగు జిల్లా ఏర్పడేవరకు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. 1213 నాటి శాసనం ప్రకారం దానిని కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. జనం మాత్రం దానిని ‘రామప్ప గుడి’ అంటారు. రామప్ప శిల్పి పేరని చెప్పుకుంటారు. రామలింగేశ్వరుని పేరునుంచి ఆ వ్యవహారం వచ్చిందన్న వివరణ కూడా ఉంది. ఏది నిజమన్నది వేరే చర్చ. శాసనంలోని ‘కట్టించిన’వాడి పక్కన ‘కట్టిన’వాడికి జనశ్రుతి ఒక పేరు నిలిపింది, అంతవరకు స్పష్టం. ఈ ఐతిహ్యాన్ని ‘రామప్ప అనే శిల్పిచే నిర్మించబడినట్లు చెప్పబడుతోంది’ అని రాసినవారు, శాసనం మాట ఒకటి, జనం మాట మరొకటి అన్న ఆసక్తికరమైన ఘర్షణను చదువరికి అందకుండా చేస్తున్నారు.

పోతన అవతారికలోని సుప్రసిద్ధ పద్యం ఒకటి ఇక్కడ తప్పక గుర్తుకు వస్తుంది. తాను చెప్పబూనినదేమిటో, తనచేత చెప్పించేవాడెవరో కవి చెప్పుకున్న పద్యం అది. నివేదనకు ‘అట’, నిర్బంధానికి కాకపోయినా ప్రేరణకు ‘ఇంచు’ – మనం ఇంతసేపు వేరువేరుగా చర్చించిన రెండు పరికరాలూ అందులో కలిసి పనిచేశాయి. విన్నమాటగా చెప్పడంలో వినయం ఉంది. చెప్పించేవాణ్ని కర్తగా నిలపడంలో భక్తి ఉంది. అయినా పలికేవాడు కూడా మాయం కాలేదు; పలుకుతానని పద్యం చివర స్వయంగా ముందుకు వస్తాడు. ముగ్గురికీ, అంటే చెప్పుకునే లోకానికీ, చెప్పించే దేవునికీ, చెప్పే కవికీ చోటున్న ఆ వాక్యసరణిని ‘బడు’లోకి మార్చి చూస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మార్చి చూపి పాఠకులను నొప్పించదలచుకోలేదు.

‘బడు’ను తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. ‘బడు’ కృతకమని గ్రహించినవారు దాని స్థానంలో ‘డం జరిగింది’ని తెచ్చుకున్నారు. ‘నిర్ణయించబడింది’ పోయి ‘నిర్ణయించడం జరిగింది’ వచ్చింది. సభల్లోనూ సదస్సుల్లోనూ ఇప్పుడిదే రాజ్యమేలుతోంది. కర్త మాత్రం తిరిగి రాలేదు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ‘ఇందుమూలంగా తెలియజేయడమైనది’, ‘హాజరు కావలసినదిగా ఆదేశించడమైనది’ అన్నవి ఇంకా పాతవి. ‘ఈజ్ హియర్‌బై డైరెక్టెడ్ టు’ అన్న ఇంగ్లీషు అచ్చుకు ఇవి తెలుగు ఒరలు. కాబట్టి ప్రత్యయాల జాబితా వేసుకొని వేటాడే శుద్ధివాదం మనకు పనికిరాదు. వాక్యం ‘ఎవరు?’ అన్న ప్రశ్నకు చోటు మిగిల్చిందా లేదా అన్నదే చూడవలసినది.

బొగ్గుగనులూ నీటి ప్రాజెక్టులూ ఉన్న భూపాలపల్లి జిల్లాలో ఈ ప్రశ్న సాహిత్య విమర్శకు బయట కూడా ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటనను స్థానిక భాషలో గ్రామపంచాయతీలో ఉంచాలి. అంటే తెలుగు వాక్యం అక్కడ చట్టం కోరిన వస్తువు. ఫలానా భూమి ప్రజాప్రయోజనానికి కావాలని సంబంధిత ప్రభుత్వానికి తోచినప్పుడు ప్రకటన వెలువరించాలని చట్టం అంటుంది. ఇంగ్లీషు మూలంలోనే ‘ప్రభుత్వానికి తోచినప్పుడు’ అన్న చతుర్థి అర్థం ఉంది. దానిని ‘భూమి అవసరమని భావించబడినందున’ అని తెలుగు చేస్తే, మూలంలో ఉన్న కర్తను కూడా అనువాదం తొలగించినట్లవుతుంది. ఇంగ్లీషుకంటె ఎక్కువ ఇంగ్లీషుగా రాయడమంటే ఇదే.

పత్రికల తెలుగు ఈ విషయంలో మనకంటె మెరుగు. 2023 అక్టోబరులో అదే జిల్లాలోని మేడిగడ్డ బ్యారేజీలో కొన్ని పిల్లర్లు కుంగాయి. ‘వర్ ఫౌండ్ టు హావ్ సంక్’ అన్న భావాన్ని విలేకరి తెలుగు ‘కుంగినట్లు అధికారులు గుర్తించారు’ అని సులభంగా చెప్పగలదు. గుర్తించినవారు వాక్యంలో ఉన్నారు. ‘కుంగు’ అకర్మకం గనుక కారకులెవరన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది. అది విచారణ తేల్చవలసిన సంగతి, ప్రత్యయం తేల్చేది కాదు. కాని ప్రశ్న మిగిలి ఉందన్న ఎరుకైనా ఆ వాక్యంలో ఉంది.

కర్త నిజంగా తెలియనప్పుడు ఏం చేయాలన్నది న్యాయమైన సందేహం. కొన్ని గుడులను ఎవరు కట్టించారో చెప్పే శాసనం దొరకదు. అప్పుడు ‘కట్టించినవారెవరో తెలిపే శాసనం దొరకలేదు, శిల్పరీతిని బట్టి కాకతీయుల కాలానిదని చరిత్రకారులు అనుకుంటున్నారు’ అని రాయవచ్చు. ‘నిర్మించబడినట్లు భావించబడుతున్నది’ కంటె ఇది నాలుగు మాటలు ఎక్కువే. కాని ఏది లేదో, దేనిని బట్టి అనుకుంటున్నారో, ఎవరు అనుకుంటున్నారో చెబుతుంది. పేరు చెప్పడానికి సాక్షి భయపడే సందర్భాలు వేరు. అక్కడ పేరును దాచడం పరిశోధకుని ధర్మం. అయినా ‘పేరు చెప్పవద్దన్న ఒక పాలేరు చెప్పాడు’ అన్నదానికీ ‘చెప్పబడింది’ అన్నదానికీ చాలా దూరం ఉంది. మొదటిదానిలో పేరు లేదుగాని మనిషి ఉన్నాడు.

మౌఖిక సామగ్రితో పనిచేసే మన సిద్ధాంత వ్యాసాల్లో వక్తల మాటలు సాధారణంగా అనుబంధంలో మాండలికంలో ఉంటాయి. అధ్యాయాల్లో వాటి సారాంశం ‘బడు’లో ఉంటుంది. ఈ ఏర్పాటును తిరగవేయడానికి పెద్ద సంస్కరణ అక్కరలేదు. ‘మా నాయన చెప్పంగ విన్న’ అన్న వాక్యం అలాగే అధ్యాయంలోకి రావచ్చు. దాని పక్కన చెప్పిన మనిషి వయసు, ఊరు, వృత్తి, ఆ నాయన ఆ సంఘటన నాటికి ఎంతవాడో ఉండవచ్చు. పరీక్షకులు దానిని గ్రామ్యమని కాక సాక్ష్యమని చదవాలి.